వాయుసేన పైలట్ కావాలంటే: డెల్టా కుటుంబాలు ముందే వేసుకోవలసిన లెక్క

అమలాపురం, రాజోలు, భీమవరం ప్రాంతాల్లో ‘ఎయిర్‌ఫోర్స్ ఉద్యోగం’ అనే మాటకు రెండు అర్థాలు ఉన్నాయి, ఆ రెండింటినీ ఒకటే అనుకోవడం వల్ల ఏటా కొందరు పిల్లల విలువైన సంవత్సరాలు పోతున్నాయి. మొదటిది అగ్నివీర్ వాయు. పదిహేడున్నర నుంచి ఇరవై ఒక్క ఏళ్ల లోపు వారిని నాలుగేళ్ల కాలానికి తీసుకునే ఈ పద్ధతిలో చేరినవారు విమానాల దగ్గర పనిచేస్తారు కాని విమానం నడపరు. రెండోది అధికారి ఉద్యోగం. వాయుసేనలో పైలట్ అంటే తప్పనిసరిగా అధికారే, విమానం నడిపే శాఖ అయిన ఫ్లయింగ్ బ్రాంచి అధికారే. కోచింగ్ కేంద్రం గోడ మీద యుద్ధ విమానం బొమ్మ ఉన్నంత మాత్రాన లోపల చెబుతున్నది పైలట్ పరీక్షకని అనుకోరాదు. రుసుము కట్టేముందు ‘మీరు చెప్పేది ఏ పరీక్షకు, ఆ పరీక్ష పేరేమిటి’ అని అడిగి, ఆ పేరు కాగితం మీద రాయించుకోవాలి.

నేను వాయుసేనలో లెక్కల విభాగంలో పనిచేసి పదవీ విరమణ పొంది, ఇప్పుడు కోనసీమలో కాలువ గట్టున ఉంటున్నాను. నా చేతుల మీదుగా వెళ్లిన జీతాల కాగితాల వల్ల ఒక అలవాటు మిగిలింది. ఏ ఉద్యోగాన్నయినా చేరిన రోజు నుంచి కాక విడిచిపెట్టే రోజు నుంచి వెనక్కు చూస్తాను. తాడేపల్లిగూడెం దగ్గరి మాధవరం వంటి ఊళ్లో, ఆ ఊరిని అందరూ మిలిటరీ మాధవరం అనే పిలుస్తారు, తరతరాలుగా సైన్యంలోకి వెళ్తున్నవారు ఉండడం వల్ల పింఛను సంగతులు అరుగుల మీదే తెలిసిపోతాయి. మిగతా ఊళ్లలో అంత అనుభవం లేదు. పైలట్ కావాలనుకునే పిల్లవాడు పదిహేడేళ్లకో ఇరవై రెండేళ్లకో ఏ దారిలో లోపలికి వెళ్తాడన్నదే, ముప్పై ఏడేళ్లకో యాభై నాలుగేళ్లకో అతనికి పింఛను ఉంటుందా లేదా అన్నదాన్ని నిర్ణయిస్తుంది. ఈ వ్యాసంలో దారుల గురించి ఎక్కువగా చెప్పడానికి కారణం అదే.

లోపలికి వెళ్లే దారులు

మొదటి దారి ఎన్‌డీఏ, అంటే నేషనల్ డిఫెన్స్ అకాడమీ ప్రవేశపరీక్ష. యూపీఎస్సీ ఏడాదికి రెండుసార్లు ఈ పరీక్ష నిర్వహిస్తుంది. సాధారణంగా ఒకటి ఏప్రిల్‌లో, అంటే దాళ్వా కోతల సమయంలో, రెండోది సెప్టెంబరులో, సార్వా చేలు పొట్ట దశకు వచ్చే వేళకు వస్తుంది. కోర్సు మొదలయ్యే నాటికి పదహారున్నర నుంచి పంతొమ్మిదిన్నర ఏళ్ల మధ్య ఉండి, ఇంటర్మీడియట్‌లో భౌతిక, రసాయన, గణిత శాస్త్రాలు చదివిన అవివాహితులు దీనికి అర్హులు. అంటే ఎంపీసీ తప్పనిసరి. బైపీసీలో చేరిన తర్వాత మనసు మారితే ఈ దారి మూసుకుపోయినట్టే. గణితానికి 300, జనరల్ ఎబిలిటీకి 600 మార్కులు ఉంటాయి. తర్వాత జరిగే ఎస్‌ఎస్‌బీ (సర్వీసెస్ సెలక్షన్ బోర్డు) ఇంటర్వ్యూకు మరో 900. తప్పు సమాధానానికి మూడో వంతు మార్కులు కోత. అమ్మాయిలకు ఈ పరీక్ష 2021 నవంబరు నుంచి తెరిచారు. ఎంపికైనవారు పుణె దగ్గరి ఖడక్‌వాస్లాలో మూడేళ్లు చదివి, అక్కడే డిగ్రీ పొంది, ఆ తర్వాత విమాన శిక్షణకు దుండిగల్‌లోని ఎయిర్‌ఫోర్స్ అకాడమీకి వస్తారు. ఈ దారిలో వచ్చేది పర్మనెంట్ కమిషన్, అంటే పదవీ విరమణ వయసు దాకా ఉండగల అధికారి ఉద్యోగం.

రెండోది సీడీఎస్, అంటే కంబైన్డ్ డిఫెన్స్ సర్వీసెస్ పరీక్ష, ఇది డిగ్రీ అయినవారికి. దీన్నీ యూపీఎస్సీయే నిర్వహిస్తుంది. ఎయిర్‌ఫోర్స్ అకాడమీకి ఇంగ్లిషు, జనరల్ నాలెడ్జ్, ప్రాథమిక గణితం అనే మూడు పేపర్లు, ఒక్కొక్కటి 100 మార్కులకు. వయసు 20 నుంచి 24 వరకు. చెల్లుబాటులో ఉన్న కమర్షియల్ పైలట్ లైసెన్సు ఉన్నవారికి 26 వరకు సడలింపు ఉంది. ఇందులోనూ పర్మనెంట్ కమిషనే.

మూడోది ఏఎఫ్‌క్యాట్, అంటే ఎయిర్‌ఫోర్స్ కామన్ అడ్మిషన్ టెస్ట్. వాయుసేన తానే ఏడాదికి రెండుసార్లు నిర్వహించే ఈ పరీక్షలో వంద ప్రశ్నలకు 300 మార్కులు, తప్పుకు ఒక మార్కు కోత. వయసు పరిధి 20 నుంచి 24, డిగ్రీలో అరవై శాతం, ఇంటర్‌లో గణితం, భౌతికశాస్త్రాల్లో విడివిడిగా యాభై శాతం ఉండాలి. మన ప్రాంతంలో చాలామంది పదో తరగతి నుంచి పాలిటెక్నిక్‌కు, అక్కడి నుంచి నేరుగా ఇంజనీరింగ్ రెండో సంవత్సరానికి వెళ్తారు. అటువంటివారు ఇంటర్ స్థాయి గణితం, భౌతికశాస్త్రం గురించి ప్రకటనలో ఉన్న వాక్యాన్ని అక్షరం అక్షరం చదువుకుని, తమ డిప్లొమా మార్కుల పత్రం దానికి సరిపోతుందని నిర్ధారించుకున్నాకే దరఖాస్తు చేయాలి. ఈ దారిలో ఫ్లయింగ్ బ్రాంచికి వచ్చేది షార్ట్ సర్వీస్ కమిషన్, పద్నాలుగేళ్లు, పొడిగింపు లేదు. ఆ మాటను దాటవేసి చదివేవారే ఎక్కువ కనుక దీని దగ్గరకు పింఛను లెక్కల్లో మళ్లీ వస్తాను.

నాలుగోది ఎన్‌సీసీ ప్రత్యేక ప్రవేశం. ఎయిర్ వింగ్ సీనియర్ డివిజన్ ‘సి’ సర్టిఫికెట్ ఉన్నవారికి రాతపరీక్ష లేకుండానే నేరుగా ఎంపిక బోర్డుకు వెళ్లే వీలుంది. సీడీఎస్ ఖాళీల్లో పది శాతం, ఏఎఫ్‌క్యాట్ ఖాళీల్లో పది శాతం వీరికి కేటాయిస్తారు. మన జిల్లాల కాలేజీల్లో ఎక్కువగా ఉండేది ఆర్మీ వింగ్. దాని ‘సి’ సర్టిఫికెట్ ఇక్కడ పనికిరాదు. కాలేజీ ఎంచుకునేటప్పుడు హాస్టల్ భోజనం గురించి ఆరా తీసినంత శ్రద్ధగా ఎయిర్ వింగ్ ఉందా అని ఆరా తీయడం మంచిది.

ఇంకా చిన్న వయసులోనే నిర్ణయించుకున్న కుటుంబాలకు సైనిక్ స్కూలు ఒక మార్గం. ఆరో తరగతిలోను, తొమ్మిదో తరగతిలోను ప్రవేశపరీక్ష ఉంటుంది. మనవాళ్లకు తరచుగా కలిగే ఒక పొరపాటు ఇక్కడ చెప్పాలి. కోరుకొండ సైనిక్ స్కూలు అంటే రాజమహేంద్రవరం పక్కన నరసింహస్వామి కొండ ఉన్న కోరుకొండ కాదు. 1962లో మొదలైన ఆ బడి విజయనగరం దగ్గరి కోరుకొండలో ఉంది. ఒక తండ్రి కొడుకును తీసుకుని దరఖాస్తు కోసం నరసింహస్వామి కోరుకొండకే వెళ్లి, స్వామి దర్శనం చేసుకుని తిరిగొచ్చిన సంగతి నాకు తెలుసు.

విమానం నడపాలన్న కోరిక వాయుసేనతోనే ముడిపడి ఉండనవసరం లేదు. నౌకాదళానికి, కోస్ట్ గార్డుకు, సైన్యపు ఏవియేషన్ విభాగానికి కూడా పైలట్లు ఉన్నారు. ఇంజనీరింగ్ చదివినవారు నౌకాదళం పైలట్ ప్రకటనలను కూడా ఏఎఫ్‌క్యాట్‌తో సమానంగా గమనిస్తూ ఉండాలి.

కాగితాలు, కళ్లు, చెవులు

ప్రతిభ ఉన్న పిల్లలు వెనక్కు వచ్చేది చాలావరకు రెండు కారణాల వల్ల: పేరు తేడా, ఆరోగ్యం.

మన తెలుగువారి పేర్లలో ఇంటిపేరు పదో తరగతి పత్రంలో ఒక్క అక్షరంగా ఉంటుంది, ఆధార్‌లో పూర్తిగా విడదీసి ఉంటుంది, డిగ్రీలో పేరు చివరకు చేరుతుంది. తండ్రి పేరులో ‘రావు’ ఒక పత్రంలో ఉండి మరో పత్రంలో ఉండదు. మా పక్క వీధి కుర్రవాడొకడు రాతపరీక్ష గెలిచి, పత్రాల పరిశీలన రోజున ఈ తేడాకు వివరణ ఇచ్చే అఫిడవిట్ లేక నానా అవస్థ పడ్డాడు. అతనికి తర్ఫీదు ఇచ్చిన కేంద్రంవారు నమూనా పరీక్షలు యాభై పెట్టారు కాని పత్రాలు ఒక్కసారీ తిరగేయలేదు. వాయుసేన మీ పేరును పదో తరగతి పత్రం ప్రకారమే చూస్తుంది కనుక, ఇంటర్ పూర్తయ్యేలోగా ఆధార్‌ను, బ్యాంకు ఖాతాను ఆ పత్రానికి సరిగ్గా కుదిరేలా మార్పించుకోవాలి.

ఆరోగ్యం విషయంలో ఎత్తు కనీసం 162.5 సెంటీమీటర్లు ఉండాలి. కాళ్ల పొడవు 99 నుంచి 120 సెంటీమీటర్లు, కూర్చున్నప్పటి ఎత్తు 81.5 నుంచి 96, తొడ పొడవు 64కు మించరాదు. ఇవి కాక్‌పిట్ కొలతల వల్ల వచ్చిన హద్దులు. కుర్చీ ఎంతలో ఉందో, ప్రమాదంలో బయటికి విసిరే సీటు ఎంతలో ఉందో అంతలో మనిషి ఇమడాలి కనుక వీటిలో ఎవరి సిఫారసుకూ చోటు లేదు. దూరపు చూపు ఒక కంటికి 6/6, రెండో కంటికి 6/9 వరకు ఉండవచ్చు. మయోపియా, అంటే దూరంవి మసకగా కనిపించే లోపం, పనికిరాదు. రంగులను గుర్తించడంలో లోపం ఉంటే పైలట్ ఉద్యోగం పూర్తిగా మరచిపోవలసిందే. ఈ లోపం ఉన్నవారికి అది ఉందని తెలియకుండానే ఇరవై ఏళ్లు గడిచిపోతాయి. అందుకే పదో తరగతిలోనే కాకినాడ ప్రభుత్వ ఆసుపత్రిలోనో దగ్గరి కంటి వైద్యుని వద్దనో చుక్కల బొమ్మల పుస్తకంతో రంగుల పరీక్ష చేయించాలి. అరగంట పని అది, అక్కడ లోపం బయటపడితే మూడేళ్ల వృథా కష్టం తప్పుతుంది.

డెల్టా పిల్లలకు ప్రత్యేకంగా చెప్పవలసినది చెవుల గురించి. వేసవి అంతా కాలువల్లో మునిగే పిల్లలకు చెవిలో చీము కారడం మనం చిన్న విషయంగా తీసుకుని నూనె చుక్కలతో సరిపెడతాం. పగిలి మానిన కర్ణభేరి, దీర్ఘకాలపు చెవి వ్యాధి ఎత్తుల్లో గాలి ఒత్తిడి మార్పులను తట్టుకోలేవు కనుక వైద్య బోర్డు వాటిని వదలదు. బోదకాలు మన జిల్లాల్లో పాత సమస్య. హైడ్రోసిల్, వెరికోసిల్ వంటివి ఉంటే బిడియపడకుండా ముందే శస్త్రచికిత్స చేయించుకుని, బోర్డుకు వెళ్లేనాటికి పూర్తిగా కోలుకుని ఉండాలి. అవి చికిత్సకు లొంగేవే. దాచినంతకాలం మాత్రమే అడ్డంకి.

ఎంపిక బోర్డు, ఒక్కసారే వచ్చే పరీక్ష

రాతపరీక్ష తర్వాత ఎయిర్‌ఫోర్స్ సెలక్షన్ బోర్డులో హాజరు కావాలి. డెహ్రాడూన్, మైసూరు, గాంధీనగర్, వారణాసి వంటి చోట్ల ఈ బోర్డులు ఉన్నాయి. మొదటి రోజే తెలివితేటల పరీక్ష, బొమ్మ చూసి కథ రాసి చర్చించే పరీక్ష జరిపి సగానికి పైగా వెనక్కు పంపుతారు. నిలిచినవారికి మానసిక పరీక్షలు, మైదానంలో బృంద పనులు, ముఖాముఖి ఉంటాయి. ఆ తరహా ప్రవేశానికి తొలిసారి హాజరైనవారికి రైలు ఛార్జీ తిరిగి ఇస్తారు, కనుక టికెట్ పారేయరాదు.

పల్లె నుంచి వచ్చిన పిల్లలు ఇంగ్లిషు గురించి భయపడతారు. అక్కడ చూసేది ఉచ్చారణ కాదు, ఆలోచన సాగే తీరు. గోదావరి వరద వచ్చినప్పుడు లంకలో పడవ మీద బియ్యం ఎలా చేరవేశారో, ఎవరిని ముందు దాటించారో అన్నది ఉన్నదున్నట్టు చిన్న చిన్న ఇంగ్లిషు వాక్యాల్లో చెప్పగలిగిన పిల్లవాడు, గైడు పుస్తకం నుంచి బట్టీపట్టిన నాయకత్వ కథ చెప్పేవాడికన్నా ముందుంటాడు.

తర్వాతిది పైలట్‌కు మాత్రమే ఉండే కంప్యూటర్ పరీక్ష, సీపీఎస్‌ఎస్. పరికరాల సూచీలు చదవడం, చేతుల కదలికను కాళ్ల కదలికతో కలపడం వంటివి పరీక్షిస్తారు. దీని నియమం కఠినమైనది: ఒక్కసారి తప్పితే జీవితంలో మళ్లీ ఏ దారిలోనూ అవకాశం లేదు. పదిహేడేళ్లకు ఎన్‌డీఏ ద్వారా వెళ్లి తప్పినవాడు ఇరవై రెండేళ్లకు ఏఎఫ్‌క్యాట్ గెలిచినా ఫ్లయింగ్ బ్రాంచికి అనర్హుడే. ‘ఊరికే ఒకసారి అనుభవం కోసం వెళ్లి రా’ అని పిల్లల్ని పంపే పెద్దలు ఈ నియమం తెలియక పంపుతున్నారు. నిద్ర చెడగొట్టుకుని, జ్వరంతో, సరైన భోజనం లేకుండా ఆ కుర్చీలో కూర్చోరాదు. చివరి వైద్య పరీక్ష ఢిల్లీలోనో బెంగుళూరు ఏరోస్పేస్ మెడిసిన్ సంస్థలోనో జరుగుతుంది.

దుండిగల్‌లో ఏం జరుగుతుంది

హైదరాబాద్ శివార్లలోని దుండిగల్ అకాడమీకి 1967లో అప్పటి రాష్ట్రపతి జాకిర్ హుస్సేన్ శంకుస్థాపన చేశారు. ఏఎఫ్‌క్యాట్ ద్వారా వచ్చే ఫ్లయింగ్ అభ్యర్థుల శిక్షణ సుమారు 62 వారాలు. మొదట కవాతు, ఆటలు, వాతావరణశాస్త్రం, ఎగిరే విమానం మీద పనిచేసే శక్తుల పాఠాలు ఉంటాయి. తర్వాత స్విట్జర్లాండ్ తయారీ పీసీ-7 అనే చిన్న శిక్షణ విమానంలో గురువుతో కలిసి ఎగిరి, ఒకనాడు ఒంటరిగా ఎగురుతారు. ఆ దశలో చూపిన నైపుణ్యాన్ని, వాయుసేన అవసరాన్ని బట్టి మూడు పాయలుగా విడదీస్తారు. యుద్ధ విమానాల వారు కిరణ్ అనే జెట్ శిక్షణ విమానం మీద, తర్వాత బీదర్‌లో హాక్ అనే మరో జెట్ మీద శిక్షణ పొందుతారు. హెలికాప్టర్ల వారు హకీంపేటకు, రవాణా విమానాల వారు బెంగుళూరు యలహంకకు వెళ్తారు. ఏ పాయ వస్తుందన్నది అభ్యర్థి చేతిలో పూర్తిగా లేదు. యుద్ధ విమానమే కావాలి, మరేదైనా వద్దు అని మొండికేసేవారు ముందే తమను తాము ప్రశ్నించుకోవాలి. 2016 జూన్‌లో ముగ్గురు మహిళలు మొదటిసారి యుద్ధ విమాన పైలట్లుగా కమిషన్ పొందింది ఈ అకాడమీ నుంచే కనుక, ఇంటి ఆడపిల్లకు ఈ దారి లేదని ఇప్పుడు ఎవరూ అనలేరు.

కొందరు విమానం నడపడంలో వెనకబడి శిక్షణ నుంచి తొలగింపబడతారు. ఖాళీలను బట్టి వారిని నేలమీది శాఖల్లోకి పరిశీలించే వీలుంది, కాని అది హక్కు కాదు. తన ఇష్టంతో మధ్యలో మానేస్తే మాత్రం శిక్షణ ఖర్చు తిరిగి కట్టాలి. ఆ బాండు మీద తల్లిదండ్రులు సంతకం చేస్తారు. సంతకం పెట్టేముందు ఆ కాగితాన్ని ఇంగ్లిషు తెలిసినవారి చేత చదివించుకుని అర్థం చేసుకోవాలి. పొలం తాకట్టు కాగితం చదవకుండా సంతకం చేయం గదా, ఇదీ అటువంటిదే. అయినా ప్రైవేటు ఫ్లయింగ్ స్కూల్లో లైసెన్సు కోసం అర కోటి దాకా పోసి, అందుకోసం ఎకరాలు అమ్ముకున్నవారిని చూసినప్పుడు, జీతం ఇచ్చి నేర్పే ఈ దారికి ముందు అన్ని ప్రయత్నాలూ పూర్తిచేయడమే వివేకమని నాకు అనిపిస్తుంది.

జీతం

అకాడమీ శిక్షణ కాలంలో నెలకు 56,100 రూపాయల స్టైపెండ్ ఉంటుంది. భుజం మీద మొదటి పట్టీ వచ్చిన రోజు నుంచి ఫ్లయింగ్ ఆఫీసర్ హోదాలో జీతం మొదలవుతుంది. ఏడో వేతన సంఘం ప్రకారం ఆ హోదాకు మూల వేతనం 56,100 నుంచి, ఫ్లయిట్ లెఫ్టినెంట్‌కు 61,300 నుంచి, స్క్వాడ్రన్ లీడర్‌కు 69,400 నుంచి, వింగ్ కమాండర్‌కు 1,21,200 నుంచి, గ్రూప్ కెప్టెన్‌కు 1,30,600 నుంచి మొదలవుతుంది. సర్వీసు రెండేళ్లు నిండితే ఫ్లయిట్ లెఫ్టినెంట్, ఆరేళ్లకు స్క్వాడ్రన్ లీడర్, పదమూడేళ్లకు వింగ్ కమాండర్. అక్కడి దాకా కాలాన్ని బట్టి వచ్చే పదోన్నతులే. ఆ పైవి ఎక్కువగా ఎంపిక మీద ఆధారపడతాయి. స్క్వాడ్రన్ లీడర్ నుంచి వింగ్ కమాండర్‌కు మూల వేతనం ఒక్కసారిగా పెరగడాన్ని గమనించాలి. పదమూడో ఏడు దాటడం డబ్బు లెక్కలో అతి పెద్ద మెట్టు.

దీనిపైన నెలకు 15,500 మిలిటరీ సర్వీస్ పే వస్తుంది. దీని విశిష్టత ఏమిటంటే, మిగతా భత్యాల్లా కాక కరువు భత్యానికీ పింఛనుకూ ఇది మూల వేతనంతో కలిసే లెక్కకు వస్తుంది. కొత్త ఫ్లయింగ్ ఆఫీసర్‌కు 56,100, 15,500 కలిపి 71,600. 2025 జూలై నాటి 58 శాతం కరువు భత్యం దీని మీద 41,528. మొత్తం 1,13,128. పైలట్లకు అదనంగా వచ్చే ఫ్లయింగ్ అలవెన్సును ఏడో వేతన సంఘం 25,000గా నిర్ణయించింది. కరువు భత్యం యాభై శాతం పెరిగిన ప్రతిసారీ ఈ తరగతి భత్యాలు నాలుగో వంతు పెరగాలన్నది నియమం. ఈ మొత్తం చూసి ఇంట్లోవారు పెద్ద ఇల్లు మొదలుపెట్టరాదు. ఇందులోంచి ఆదాయపన్ను, గ్రూప్ ఇన్సూరెన్స్ ప్రీమియం, మెస్ బిల్లు, ప్రావిడెంట్ ఫండు పోతాయి. ఫ్లయింగ్ అలవెన్సు వైద్య కారణాల వల్ల ఎగరలేని స్థితి వచ్చినప్పుడు ఆగిపోవచ్చు కనుక, బ్యాంకు అప్పుల వాయిదాలను ఆ అలవెన్సు లేని జీతం మీదే లెక్కకట్టుకోవాలి. ఎనిమిదో వేతన సంఘం 2025లో ఏర్పడింది. దాని సిఫారసులు అమలైతే ఈ అంకెలు మారతాయి, లెక్క వేసే పద్ధతి మాత్రం పనికివస్తుంది.

డీఎస్‌ఓపీ అనే అధికారుల ప్రావిడెంట్ ఫండులో కనీస మొత్తం కన్నా ఎక్కువ వేయమని నా దగ్గరకు వచ్చిన ప్రతి కుర్ర అధికారికీ చెప్పాను. షార్ట్ సర్వీస్‌లో ఉన్నవారికి ఈ మాట రెట్టింపు వర్తిస్తుంది, ఎందుకో ఇప్పుడు చెబుతాను.

పింఛను

2004 జనవరి తర్వాత చేరిన కేంద్ర ప్రభుత్వ సివిల్ ఉద్యోగులకు పాత పింఛను పద్ధతి పోయింది కాని సైనిక దళాలకు పోలేదు. అయితే అధికారికి ఈ పింఛను రావడానికి కనీసం ఇరవై ఏళ్ల సర్వీసు ఉండాలి. షార్ట్ సర్వీస్ ఫ్లయింగ్ అధికారికి పద్నాలుగేళ్లే. అంటే ఇరవై మూడేళ్లకు చేరినవాడు ముప్పై ఏడేళ్లకు వింగ్ కమాండర్‌గా, గ్రాట్యుటీతో, సెలవుల సొమ్ముతో, ప్రావిడెంట్ ఫండుతో, మాజీ సైనికుడి గుర్తింపుతో బయటకు వస్తాడు. నెలవారీ పింఛను ఉండదు. ఇది అన్యాయమని నేను అనను, ముందే రాసి ఉన్న ఒప్పందం ఇది. కాని పెళ్లి సంబంధాల వేళ ‘మా అబ్బాయికి మిలిటరీ పింఛను’ అని చెప్పే పెద్దలు ఆ ఒప్పందాన్ని చదవాలి. పింఛనే ముఖ్యమనుకుంటే వయసు ఉన్నంతవరకు ఎన్‌డీఏ, సీడీఎస్‌ల మీదే ముందుగా బలం పెట్టి, ఏఎఫ్‌క్యాట్‌ను వాటి పక్కన రాయాలి. ముప్పై ఏడేళ్లకు పౌర విమానయానంలో రెండో జీవితం మొదలుపెట్టాలనుకునేవారికి మాత్రం పద్నాలుగేళ్ల ఒప్పందమే అనుకూలంగా ఉంటుంది.

పర్మనెంట్ కమిషన్ వారి లెక్క ఒక ఉదాహరణతో చూద్దాం. ఇరవై ఏళ్లు పూర్తిచేసి, సుమారు నలభై నాలుగేళ్ల వయసులో, 1,40,500 మూల వేతనంతో వింగ్ కమాండర్ బయటకు వస్తున్నాడనుకుందాం. మిలిటరీ సర్వీస్ పే కలిపితే 1,56,000. పింఛను దానిలో సగం, 78,000. దాని మీద కరువు ఉపశమనం 58 శాతమైతే 45,240. గ్రాట్యుటీని ప్రతి ఆరు నెలల సర్వీసుకు కరువు భత్యంతో కలిసిన జీతంలో నాలుగో వంతు చొప్పున కడతారు. ఇరవై ఏళ్లకు నలభై అర్ధ సంవత్సరాలు, అంటే పది నెలల జీతం. పై ఉదాహరణలో 24.6 లక్షల పైచిలుకు. 2024 జనవరి నుంచి దీని గరిష్ఠ పరిమితి 25 లక్షలు. వాడుకోని సెలవులకు 300 రోజుల వరకు సొమ్ము వస్తుంది.

తర్వాత వచ్చే ప్రశ్న కమ్యుటేషన్. అధికారి తన పింఛనులో సగం వరకు వదులుకుని ఒకేసారి సొమ్ముగా తీసుకోవచ్చు. ఉదాహరణలో వదులుకునేది నెలకు 39,000. ఆ వయసుకు పట్టికలోని గుణకం సుమారు 9 కనుక 39,000ను పన్నెండుతో, మళ్లీ తొమ్మిదితో గుణిస్తే దాదాపు 42 లక్షలు చేతికి వస్తాయి. వదులుకున్న భాగం పదిహేనేళ్ల తర్వాత తిరిగి మొదలవుతుంది. ఆ పదిహేనేళ్లలో పోయేది 70.2 లక్షలు. అంటే ఏడున్నర శాతం వడ్డీకి అప్పు తీసుకున్నట్టు లెక్క. అయినా దీన్ని కొట్టిపారేయరాదు. వచ్చిన సొమ్ముకు ఆదాయపన్ను లేదు, కరువు ఉపశమనం తగ్గని పూర్తి పింఛను మీదే వస్తుంది, పింఛనుదారు మధ్యలో మరణిస్తే కుటుంబ పింఛనులో కోత ఉండదు. ఎక్కువ వడ్డీ అప్పు తీర్చడానికి, ఉండడానికి ఇల్లు కట్టుకోవడానికి తీసుకోవచ్చు. చేపల చెరువు లీజులోనో రొయ్యల మేత ఏజెన్సీలోనో పెట్టడానికి తీసుకోవద్దని మాత్రం గట్టిగా చెబుతాను. పాతికేళ్లు విమానం నడిపినవాడికి వైరస్ వచ్చిన చెరువు సంగతి తెలియదు.

ముందుగా తన ఇష్టంతో రాజీనామా చేయాలనుకునేవారు తెలుసుకోవలసిన నష్టం ఒకటుంది. ఒకే హోదా, ఒకే సర్వీసుకు ఒకే పింఛను అనే పద్ధతిని 2014 జూలై 1 నుంచి వర్తించేలా 2015 నవంబరులో ఉత్తర్వు ఇచ్చారు, ఐదేళ్లకొకసారి సవరిస్తారు. ఆ ఉత్తర్వు ప్రకారం ఇకమీదట తమ కోరిక మీద ముందుగా వెళ్లిపోయేవారికి ఈ ప్రయోజనం లేదు. ఎయిర్‌లైన్ జీతం చూసి ఇరవై ఏళ్లకు వెళ్లాలనుకునే పైలట్ ఈ నష్టాన్ని కూడా పళ్లెంలో వేసి తూచాలి. పైగా అడిగిన వెంటనే వదులుతారన్న హామీ లేదు. ఉండిపోయినవారిలో వింగ్ కమాండర్ హోదా వారు యాభై నాలుగేళ్లకు పదవీ విరమణ చేస్తారు.

వైద్యానికి ఈసీహెచ్‌ఎస్ అనే మాజీ సైనికుల ఆరోగ్య పథకం ఉంది. ఒకసారి చందా కట్టి, కార్డులు చేయించుకుంటే దంపతులకూ ఆధారపడిన తల్లిదండ్రులకూ వర్తిస్తుంది. తల్లిదండ్రుల ఆదాయ పరిమితి పత్రం సమయానికి ఇవ్వకపోవడం వల్ల కార్డు ఆగిపోవడం నేను చాలాసార్లు చూశాను.

బయటకు వచ్చాక

పౌర విమానం నడపాలంటే వాయుసేన రెక్కలు చాలవు. పౌర విమానయాన నియంత్రణ సంస్థ అయిన డీజీసీఏ ఇచ్చే లైసెన్సు, దాని రాతపరీక్షలు, రేడియో లైసెన్సు, క్లాస్ వన్ వైద్య ధ్రువీకరణ కావాలి. సైనిక విమాన గంటలు లెక్కలోకి వస్తాయి. కెప్టెన్ స్థాయి లైసెన్సు అయిన ఏటీపీఎల్‌కు 1,500 గంటలు అవసరం. ఆ పరీక్షలను విరమణకు రెండేళ్ల ముందే మొదలుపెట్టాలి, లాగ్‌బుక్ ధ్రువీకరణ పనులను యూనిట్‌లో ఉండగానే ముగించాలి. రవాణా విమానాల వారికి ఈ మార్పు సులభం. యుద్ధ విమానాల వారికి గంటలు తక్కువ పడతాయి. హెలికాప్టర్ వారి లైసెన్సు వేరు, వారి గిరాకీ వేరు. మన కృష్ణా గోదావరి బేసిన్‌లో సముద్రం మీది చమురు వేదికలకు మనుషుల్ని చేరవేసే పని వంటివి వారికి ఉంటాయి. పౌర విమానయానంలో అరవై ఐదేళ్ల వరకు నడపవచ్చు కనుక పింఛను, జీతం రెండూ కలిసి వచ్చే ఏళ్లు కొన్ని ఉంటాయి.

ఇక ఎవరూ మాట్లాడటానికి ఇష్టపడని విషయం. విమాన ప్రమాదాలు జరుగుతాయి. విధి నిర్వహణలోని ప్రమాదంలో మరణిస్తే కుటుంబానికి 25 లక్షల ఎక్స్‌గ్రేషియా, జీతంలో అరవై శాతం ప్రత్యేక కుటుంబ పింఛను ఉంటాయి. యుద్ధ చర్యల్లో అయితే పింఛను పూర్తి జీతంతో సమానం. గ్రూప్ ఇన్సూరెన్స్ దీనికి అదనం. ఇవన్నీ కాగితం మీద పేరు ఉన్నవారికే చేరతాయి. పెళ్లయిన వారంలోనే ఆ సంగతిని యూనిట్ కార్యాలయంలో నమోదు చేయించి, పీఓఆర్ (ఇటువంటి వ్యక్తిగత మార్పులను నమోదుచేసే యూనిట్ పత్రం) ప్రచురితమైందని చూసుకుని, ఇన్సూరెన్సులోను, ప్రావిడెంట్ ఫండులోను, బ్యాంకు ఖాతాలోను నామినీ పేరు విడివిడిగా మార్చాలి. ఒకచోట మారిస్తే అన్నిచోట్లా మారదు. పెళ్లికి ముందు తల్లి పేరు రాసి మరచిపోయిన ఒక అధికారి విషయంలో అత్తాకోడళ్లు ఏడేళ్లు కోర్టు మెట్లెక్కారు, ఇద్దరూ దుఃఖంలో ఉన్నవారే.

ఇంట్లో ఒక అట్ట ఫైలు పెట్టి అందులో కమిషన్ ఉత్తర్వు, పీఓఆర్ ప్రతులు, ఇన్సూరెన్సు పత్రం, ఈసీహెచ్‌ఎస్ కార్డులు, పీపీఓ అనే పింఛను చెల్లింపు ఉత్తర్వు ఉంచాలి. పింఛను ఇప్పుడు స్పర్శ్ అనే ఆన్‌లైన్ పద్ధతిలో వస్తుంది. ఏడాదికొకసారి జీవన ప్రమాణ పత్రం ఇవ్వకపోతే ఆగిపోతుంది. స్పర్శ్ ఖాతా పేరు, దానికి ఇచ్చిన ఫోను నంబరు భార్యకో భర్తకో తెలిసి ఉండాలి. ఫోను నంబరు మార్చినప్పుడు అక్కడ కూడా మార్చాలి. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో పేరు నమోదు చేయించుకుని, వారి రసీదును కూడా ఆ ఫైల్లోనే పెట్టాలి.